ఆగకుండా చదివే అలవాటు

మా కలకత్తా తెలుగువాళ్ళ సంఘం వారు ఈసారి సంచిక వేస్తూ, "ఈమధ్య మీరేం చదువుతున్నారో, ఎలా చదువుతారో నాలుగు ముక్కలు రాసివ్వండి" అని నన్నడిగారు. నన్ను! ఆరో తరగతి సగంలో బడి మానేసినవాణ్ణి. వేరెవరికో వెయ్యాల్సిన కాగితం నా గుమ్మంలో పడిందేమో అనుకుని పేరు మళ్ళీ చూసుకున్నాను. నాదే. సరే, అడిగినవాళ్ళే అనుభవిస్తారు.

ఏం చదువుతున్నానో ముందే చెప్పేస్తాను. బంగ్లా భాషలో అచ్చయిన రాజనీతి శాస్త్రం పాఠ్యపుస్తకం ఒకటి, అది అయిపోతే తత్త్వశాస్త్రం ఒకటి, అదీ అయిపోతే మళ్ళీ మొదటిది. రెండూ డిగ్రీ పిల్లలవి. ఆ పాఠాలు ఇప్పుడు ఏ విశ్వవిద్యాలయంలోనూ చెప్పరు. ఎలా చదువుతానంటే, పైకి, గట్టిగా, పదహారేసి పేజీలు, మధ్యలో ఎక్కడా ఆగకుండా. వాక్యం అయిపోయినా ఆగను. దగ్గొస్తే మింగేస్తాను. "స్టేషన్లో ఆగని రైలు" అంటుంది మా ఆవిడ. వినే మనిషి ఒక్కతే, మా చెల్లి.

ఈ ఆగకపోవడం ఎలా పట్టుకుందో చెప్తే మీరడిగినదానికి జవాబు వచ్చేసినట్టే.

నా పని పుస్తకాలు కుట్టడం. ఇక్కడ మమ్మల్ని దప్తరీ అంటారు. చదివేవాళ్ళకి పుస్తకమంటే అధ్యాయాలు. మాకు ఫర్మాలు. పెద్ద కాగితాన్ని మడతలు వేస్తే పదహారు పేజీలు వస్తాయి, అదొక ఫర్మా. వాటిని వరసగా పేర్చి, దారంతో కుట్టి, వీపుకి మైదా జిగురు రాసి, అట్ట వేసి, అంచులు కోస్తాం. లోపల దేవుడున్నాడని రాసినా లేడని రాసినా మాకు అదే దారం.

చెల్లి కాలేజీలో చేరాక నా విద్య ఇంటికి పనికొచ్చింది. ఆ లావు పుస్తకాలు ఎవరికి వాళ్ళు కొనుక్కునే స్తోమత లేక ఐదుగురు ఆడపిల్లలు కలిసి ఒక్కో పుస్తకం ఒక్కొక్కటే కొన్నారు. నేను అట్ట ఊడదీసి, దారం కోసి, ఫర్మాలు విడగొట్టి, ఒక్కోదానికీ పాత క్యాలెండరు కాగితం తొడిగి ఇచ్చాను. వంతులవారీగా ఒకరి తర్వాత ఒకరు మార్చుకోవాలి. పరీక్షలయ్యాక అన్నీ తెచ్చిస్తే మళ్ళీ కుట్టిపెట్టాలి. ఆస్తి అందరిదీ కావాలని మా పేట గోడల నిండా ఎర్ర రంగుతో రాసుండేది. గోడ మీద రాసినవాళ్ళకి ఎంతవరకు కుదిరిందో నాకు తెలీదు గానీ, మేం మైదా జిగురుతో చేసి చూపించాం.

వంతుల్లో చిక్కేంటంటే వరస ఉండదు. మా ఇంట్లో రాజనీతి పుస్తకం నడుమ నుంచి మొదలైంది. రాజ్యం ముందు కూలిపోయింది, తర్వాత పుట్టింది. తొమ్మిదో ఫర్మా మాత్రం చెల్లి స్నేహితురాలు ఒకమ్మాయి దగ్గర ఉండిపోయింది. ఆ పిల్లకి కామెర్లొచ్చి మేనమామ గారి ఊరెళ్ళిపోయింది, ఫర్మాతో సహా. ఈ తొమ్మిదోదాన్ని కాస్త గుర్తుంచుకోండి.

మాది ఏక్‌బాల్‌పూర్. నాన్న రేవులో కలాసీ. అక్కడ పనిచేసే మనవాళ్ళంతా సిక్కోలు వైపు వాళ్ళే. వాళ్ళకి ఇంటికి ఉత్తరాలు రాసిపెట్టే పెద్దాయన ఒకడుండేవాడు. చెయ్యి వణకడం మొదలయ్యాక, బడి మానేసి ఖాళీగా తిరుగుతున్న నాకు తెలుగు అక్షరాలు నేర్పి ఆ పని నా నెత్తిన పెట్టాడు. ఆదివారం మధ్యాహ్నం మా అరుగు నిండిపోయేది. కలాసీ వచ్చి కూర్చుని, "నాను బాగున్నాను, మీరు బాగున్నారని తలుస్తాను" అని రెండు ముక్కలు చెప్పి బీడీ వెలిగించేవాడు. అంతే, అతని దగ్గర ఇంక మాటల్లేవు. నేను మొహం చూసి, "నీ చేతి నెత్తళ్ళ పులుసు మీద బెంగగా ఉన్నాది" అని ఒక ముక్క కలిపేవాణ్ణి. నెల్లాళ్ళకి జవాబు పట్టుకుని మీదకొచ్చేవాడు.

"ఏటి రాసినావురా గుంటడా? మా ఇంటిది ఏడిసిందట!"

"నువ్వు సెప్పిందే రాసినాను మామా. కాకపోతే నువ్వు నోటితో సెప్పలేదు."

కొట్టడానికి ఎత్తిన చెయ్యి నా బుర్ర మీద నిమిరి వెళ్ళిపోయేవాడు. చెప్పింది రాయడం గొప్పా, చెప్పనిది రాయడమే పనితనం అని నాకప్పుడు గట్టి నమ్మకం.

చెల్లికి కాలేజీ రెండో ఏడు మొదట్లో నల్లబల్ల మసకైంది. ఆ తర్వాత బస్సు నెంబరు. దుర్గాపూజ సెలవులు అయ్యేసరికి పుస్తకంలో అక్షరం. పెద్దాసుపత్రి డాక్టరు కళ్ళలోకి దీపం వేసి చాలాసేపు చూసి, నావైపు తిరిగి, నరం ఎండిపోతోందన్నాడు. అద్దాలు? పనికిరావు. ఆపరేషను? దీనికి లేదు. మందు? బలానికి రాస్తానన్నాడు. నేను ఏ ఆఫీసుకెళ్ళినా ఒక మాట విసిరి ఎదుటివాణ్ణి నవ్వించి పని చేయించుకొచ్చే రకం. ఆ రోజు చీటీ తీసుకుని, నమస్కారం పెట్టి బయటికొచ్చేశాను. మెట్లు దిగుతుంటే చెల్లే నా చెయ్యి పట్టుకుని అంది:

"ఏటన్నియ్యా, అలగైపోనావు? సూపు పోతాదని సెప్పింది నీకేటి?"

చదువు మానెయ్యమన్నారు ఇంట్లో. మాననంది. ఆనర్సు వస్తే పై చదువుకెళ్ళొచ్చు, ఆ పైన ఏదో ఒక కాలేజీలో పాఠం చెప్పొచ్చు, పాఠం నోటితో చెప్పేదే కదా, కళ్ళెందుకు అని దాని లెక్క. అది రాకపోతే మరి గదిలో మంచమే. ఆ మాట అది అనలేదు. మేమూ అనలేదు. ఉన్నది ఒక గది, అందులో మంచం అందరికీ కనిపిస్తూనే ఉంది, దానికి తప్ప.

అలా నేను చదివిపెట్టడం మొదలైంది. బంగ్లా బళ్ళో ఆరు దాకా వెళ్ళానుగా, అక్షరాలొచ్చు. అర్థం రాదు. దానికి అర్థమొచ్చు, అక్షరం కనపడదు. ఇద్దర్నీ కలిపి కుడితే ఒక విద్యార్థి. పొద్దున్నే పనికెళ్ళేముందు ఒక ఫర్మా, మిగతా మోతంతా బంద్ రోజుల్లో. ఆ రోజుల్లో బంద్‌లకి కరువేముంది! ట్రాములుండవు, షాపులుండవు, పనిలోకి రాలేదేమని అడిగేవాడుండడు. రోడ్డు మధ్యలో పేట కుర్రాళ్ళు క్రికెట్ ఆడుకునేవాళ్ళు. మేం గుమ్మంలో కూర్చుని ఆత్మ ఉందా లేదా అని చూసుకునేవాళ్ళం. పార్టీ దాదా ఒకాయన, ఇక్కడ దాదా అంటే అన్న, అటు పోతూ పోతూ నిలబడి, "ఏం చదువుతున్నావోయ్?" అనడిగాడు. "ప్రభుత్వం ఎందుకు పడిపోతుందో దాదా" అన్నాను. చెల్లి నా తొడ మీద గిచ్చింది. ఆయన నవ్వి, "మాది పడదులే, చదువుకో" అని వెళ్ళిపోయాడు. అప్పటికి ఆయన మాటే నిజం.

పరీక్ష దగ్గరపడింది. కళ్ళు లేనివాళ్ళకి పక్కన కూర్చుని రాసిపెట్టే మనిషిని ఇస్తారు, శ్రుతిలేఖక్ అంటారు. మనమే తెచ్చుకోవాలి. కాలేజీ గుమస్తా నియమం చదివి వినిపించాడు. రాసేవాడు పరీక్షకి కూర్చునే మనిషి కంటే తక్కువ చదివినవాడై ఉండాలి. నాకు చెవులు నిక్కబొడుచుకున్నాయి. నా చదువుకి తగ్గ ఉద్యోగం పుట్టినప్పట్నుంచీ అదొక్కటే కనిపించింది.

చెల్లి మనసులో వేరే మనిషుంది. మా పక్కింటి బంగాలీ వాళ్ళ అమ్మాయి తొమ్మిదో తరగతి, చీమలు పరిగెత్తినట్టు రాస్తుంది.

"ఆ పిల్ల సేత రాయిద్దామన్నియ్యా. సెయ్యి బేగి ఆడతాది."

"ఆ పిల్ల తొమ్మిది. నాను ఆరు. రూలేటన్నాది? తక్కువ సదివినోడన్నాది. ఈ పేటలో నన్ను మించినోడున్నాడేటి?"

"అది కాదు. నీ బంగ్లా రాత…"

"పదేళ్ళ నించి రేవోళ్ళందరికీ రాసింది ఎవులు?"

అది ఊరుకుంది. ఊరుకుంటే సరేనన్నట్టే అనుకున్నాను. రెండు రోజులాగి మాత్రం ఒకటంది: "నాను సెప్పిందే రాయాల. ఇది ఉత్తరం కాదు. ఒక్క అచ్చరం కలిపినావంటే ఇంక నీతో మాటాడను. అమ్మ మీద ఒట్టెయ్యి." వేశాను. నవ్వుతూనే వేశాను.

రాజనీతి పేపరుకి రెండు రోజుల ముందు కామెర్ల పిల్ల పసుపు మొహంతో వచ్చి తొమ్మిదో ఫర్మా ఇచ్చి వెళ్ళింది. మర్నాడు బంద్. కూర్చున్నాం. అమ్మ గుమ్మం బయట చేపలు తోముతోంది. పౌరుడు రాజ్యానికి ఎందుకు లోబడి ఉంటాడు అన్నది పాఠం. పుస్తకం రాసినాయన మూడు కారణాలిచ్చాడు. నేను బంగ్లా చదివితే అది తెలుగులో చెప్పేది.

"మొదటిది భయం. లాఠీ ఉన్నాది కాబట్టి. రెండోది లాభం. రోడ్డూ కుళాయీ ఉన్నాయి కాబట్టి. మూడోది, మనం ఒప్పుకున్నాం కాబట్టి."

"నానెప్పుడు ఒప్పుకున్నాను? నన్నెవుడడిగేడు?"

"అడగక్కర్లేదట. ఇక్కడే ఉండి, నోరు మూసుకుని, ఆ రోడ్డు మీద నడిస్తే ఒప్పుకున్నట్టే."

"అలగైతే నాన్న పాతికేళ్ళుగా అమ్మ రాజ్జెంలో పౌరుడే!"

"ఏటిరా, నా పేరెత్తుతున్నావు?" అని చేప పొలుసు చేత్తోనే లేచింది అమ్మ. చెల్లి గోడకి జారగిలబడి నవ్వి నవ్వి కళ్ళొత్తుకుంది. ఆ ఏడాదిలో అది అలా నవ్వడం నేను చూళ్ళేదు, అందుకని ఇంకో రెండు అంటించాను. నాన్న ఏ కుళాయి కోసం లోబడ్డాడో, అమ్మ దగ్గర లాఠీ ఎక్కడుంటుందో. ఆ నవ్వుల్లోనే ఆ పేజీ దాటిపోయింది. మిగతావి ఏడెనిమిది సార్లు చదివినవే. అది ఒక్కసారే. వేళాకోళం చేసినవాణ్ణి కాబట్టి నాకు ఆ మూడోది అతుక్కుపోయింది. దానికి నవ్వు మిగిలింది.

పరీక్షకి మాకు వేరే గది ఇచ్చారు. ఒక బల్ల, ఒక ఫ్యాను, చెల్లి, నేను, కాపలాకి ఒక దిదిమణి, అంటే టీచరమ్మ. ముసలావిడ, మంచిదే. ముందే చెప్పింది: "ప్రశ్న చదవచ్చు. రాసింది చదివి వినిపించొచ్చు. అంతకు మించి నీ నోట్లోంచి మాట వస్తే కాగితం లాక్కుంటాను. మీ భాషలో ఒక్క ముక్క వినపడకూడదు." తలూపాను.

అరగంటలో నాకు తెలిసిపోయింది నేనేం చేశానో. చెల్లి నోరు ట్రాము. నా చెయ్యి తోపుడుబండి. తెలుగు ఉత్తరంలో నాలుగు ముక్కలు గీకడం వేరు, పుస్తకపు బంగ్లాలో పేజీలకి పేజీలు రాయడం వేరు. సూదులు గుచ్చుకుని మొద్దుబారిన వేళ్ళు. ఒక్కో జంట అక్షరం దగ్గర ఆగి గుర్తుతెచ్చుకునేవాణ్ణి. అది వాక్యం చెప్పి, నా కలం చప్పుడు విని, అది ఆగేదాకా ఉండి, తర్వాత వాక్యం చెప్పేది. కాసేపటికి వాక్యాలు పొట్టివైపోయాయి. మొదట్లో ఊపిరి పట్టుకుని వినేంత పొడుగు మాట్లాడిన పిల్ల, నా చెయ్యి కొలతకి తన మాటలు కోసుకుంటోంది. మా షాపులో అంచులు కోసే యంత్రం ఉంది. దాని కింద ఎక్కువ కాగితం పెడితే అక్షరాలు కూడా తెగిపోతాయి. ఆ ముక్కలు కింద పడుతున్నట్టే ఉంది నాకు. పక్కింటి పిల్లయితే ఈపాటికి రెండు ప్రశ్నలు దాటేది.

నాలుగో ప్రశ్న చదివాను. పౌరుడు రాజ్యానికి ఎందుకు లోబడతాడు?

చెల్లి మొహం విప్పారింది. భయం గురించి చెప్పింది. బాగా చెప్పింది. లాభం గురించి చెప్పింది. రాశాను. కలం ఎత్తి చూస్తున్నాను. చెల్లి చీర కొంగుతో చెంప తుడుచుకుని, "తర్వాత ప్రశ్న చదువు" అంది.

మూడోది చెప్పలేదు.

నాకు తెలుసు. ఆరో తరగతి సగంలో పారిపోయినవాడికి, ఆ గదిలో ఒక్క నాకే, తెలుసు. నోరు తెరవకూడదు. పుట్టి బుద్ధెరిగాక నోరు మూసుకోమని నాకు చెప్పని మనిషి లేడు, నేను ఎవరి మాటా వినలేదు. వినాల్సి వచ్చిన రోజు అదీ. కలం ఖాళీ గీత మీదే ఉంది. దిదిమణి కూర్చున్న చోటునుంచి కాగితం కనపడదు. వచ్చీ రాని బంగ్లాలో రెండు వాక్యాలు గిలకగలను. మా ఇంటి అరుగు మీదయితే ఈపాటికి గిలికేసేవాణ్ణే. కానీ అమ్మ మీద ఒట్టు సంగతి అలా ఉంచండి, అది నా పక్కనే, నా వైపు తిరిగి కూర్చుని ఉంది. కళ్ళు కనపడవు గానీ కలం చప్పుడు వింటోంది. చెప్పని మాట రాస్తే ఆ చప్పుడే చెప్పేస్తుంది.

రాసింది చదివి వినిపించొచ్చు అన్నారు కదా. మొదట్నుంచీ చదివాను. భయం. లాభం. అక్కడ ఆగాను. కావాలనే ఆగాను. ఫ్యాను తిరుగుతోంది. నేను ఆగానంటే అర్థం చేసుకోమ్మా అని లోపల్లోపల మొత్తుకుంటున్నాను. దాని కనుబొమలు ముడిపడ్డాయి. పొద్దుట్నుంచి అక్షరం తట్టక అలా నలభైసార్లు ఆగినవాణ్ణేగా.

"థేమో నా, దాదా" అంది. ఆగకు అని. ఆ గదిలో అన్నియ్యా అనడానికి కూడా వీల్లేదు మరి.

దిదిమణి తలెత్తి, "ఏమైంది?" అంది.

"ఏమీ లేదు" అన్నాను.

మూడు గీతలు ఖాళీ వదిలి తర్వాత ప్రశ్న చదివాను. గంట కొట్టేలోపు ఎక్కడైనా గుర్తొస్తే ఇరికించొచ్చని. గంట కొట్టేశారు. చివరి ప్రశ్న సగంలో ఉంది.

ట్రాములో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. మైదానం గాలి తగిలాక కాస్త తేరుకుని, రాసినవన్నీ ఒక్కోటీ నెమరేసుకోవడం మొదలెట్టింది. భయం, లాభం అని వేళ్ళు మడిచి, మూడో వేలు పట్టుకుని ఉండిపోయింది. 

"అన్నియ్యా."

"ఊ."

"నువ్వు అక్కడ ఆగినావు."

"ఊ."

"అచ్చరం రాక ఆగినావనుకున్నాను."

నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి సిద్ధంగా ఉంటుంది. వెతుక్కున్నాను. నాన్న గురించి ఏదో నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆ నవ్వే కదా ముంచింది.

"మూడు గీతలు కాళీ వొదిలినాను" అన్నాను.

"కాళీకి మార్కులెవులిస్తారన్నియ్యా" అంది. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆనర్సు రాలేదు. ఉత్త పాస్. మిగతా పేపర్లు గట్టెక్కాయి, తప్పింది అందులోనే. ఆ మూడు గీతల వల్లా, సగంలో ఆగిన చివరి ప్రశ్న వల్లా, పొట్టివైపోయిన వాక్యాల వల్లా అంటే ఎవరూ చెప్పలేరు. ఎటు లెక్క చూసినా చెయ్యి మాత్రం నాదే. పక్కింటి పిల్ల చేత రాయించి ఉంటే అన్న మాట చెల్లి ఒక్కసారి కూడా అనలేదు. నేనే, రోజూ, జిగురు కలుపుతూ అనుకునేవాణ్ణి.

ఆడపిల్లలు మాట ప్రకారం ఫర్మాలన్నీ తెచ్చి ఇచ్చారు. కామెర్ల పిల్ల కూడా వచ్చింది. రెండు పుస్తకాలూ వరసలో పెట్టి కుట్టాను. నా జన్మలో అంత బాగా ఏ పుస్తకమూ కుట్టలేదు. తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. చదువులైపోయాయి, ఎవరిక్కావాలి? అలా అవి రెండూ మా ఇంట్లో ఉండిపోయాయి.

కొన్నేళ్ళకి చెల్లికి సాల్ట్ లేక్‌లో ఒక సర్కారీ ఆఫీసులో టెలిఫోన్ ఎత్తే ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ అదే. పెద్ద పెద్ద ఆఫీసర్లకి లైను కలుపుతుంది, మధ్యలో తను మాట్లాడకూడదు. ఆదివారం భోజనాలయ్యాక, "సదువన్నియ్యా" అంటుంది. వేరే పుస్తకాలు తెస్తానంటే వద్దంటుంది. అవే కావాలి. నేను చదువుతాను, అది అప్పుడప్పుడు మధ్యలో తెలుగులో విప్పి చెప్తుంది, మా పిల్లలు పారిపోతారు. మూడో కారణం దగ్గరికొచ్చినప్పుడు ఇద్దరం ఏమీ అనం.

ఇన్నేళ్ళు గుక్క తిప్పుకోకుండా చదివిన గొంతు ఇప్పుడు మాట వినడం లేదు. షాపులో ముప్పై ఏళ్ళు పీల్చిన కాగితం దుమ్ము. మొన్నాదివారం రెండో పేజీలోనే దగ్గు తెర వచ్చి ఆగిపోయాను. దేని దగ్గరో కూడా గుర్తులేదు, ఓట్ల గురించో పన్నుల గురించో. చెల్లి టీ గ్లాసు కింద పెట్టింది. మొహం నావైపు తిప్పి, కనుబొమలు ముడిచి, ఆ గదిలో కూర్చున్నట్టే కూర్చుంది.

"ఏటన్నియ్యా? నానేటైనా వొదిలీసినానా?"

"లేదమ్మీ. దగ్గు" అన్నాను.

నమ్మలేదు. ఆ రోజు ట్రాములోలాగే వేళ్ళు మడిచి లెక్క చూసుకుంటోంది. నీళ్ళు తాగకుండానే మళ్ళీ అందుకున్నాను.